కోటు, ప్లకార్డు, ఒక క్లాజు

ఈసారి ‘మీ ప్రశ్న – మా జవాబు’ శీర్షికకు విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. కాలేజీ కుర్రాళ్లు తమలో తామే సంస్థగా ఏర్పడి, లాభం చూసుకోకుండా, స్కూలు పిల్లలచేత ఐక్యరాజ్య సమితి సమావేశాలను నమూనాగా నడిపిస్తున్నారు. దీని పూర్తి పేరు మోడల్ యునైటెడ్ నేషన్స్, పిల్లల నోట ‘మన్’. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్ర: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండు రోజుల మన్‌కి వెళ్తానంటోంది. తనకి నార్వే దేశం ఇచ్చారట, పదిహేను వందలు కట్టాలట. ఇది ఐక్యరాజ్య సమితి వాళ్లు పెట్టేదేనా? డిబేట్ పోటీకీ దీనికీ తేడా ఏమిటి? పంపే ముందు ఏం చూసుకోవాలి?
— ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జ: కాదండీ. మన్ ఎవరైనా పెట్టుకోవచ్చు: స్కూలు, కాలేజీ, కుర్రాళ్ల సంఘం, చివరికి ఈవెంట్ మేనేజ్‌మెంట్ కంపెనీ అయినా సరే. అందులో ఇచ్చే సర్టిఫికెట్‌కి, ఇచ్చిన సంస్థకి ఎంత విలువ ఉందో అంతే విలువ.

డిబేట్‌లో అవతలివాళ్ల నోరు మూయిస్తే గెలిచినట్టు. ఇక్కడ అలా మూయించినవాళ్ల ఓటు కోసమే సాయంత్రం తిరగాల్సి వస్తుంది. మీ అమ్మాయి తన అభిప్రాయం చెప్పకూడదు, నార్వే ప్రభుత్వం ఏమంటుందో అది చెప్పాలి. తర్వాత మిగతా దేశాలతో బేరమాడి, కాగితం మీద ఒక తీర్మానం రాయాలి. ఆ రాతకోతల్లోనే అసలు చదువంతా ఉంది. మైకు ముందు ప్రసంగం దానికి తలుపు తీయడం లాంటిది.

పంపే ముందు మూడు సంగతులు అడగండి. ఒకటి, కమిటీలో ఎంతమంది? అరవై మంది ఉంటే, ఒక్కొక్కరికి నిమిషం చొప్పున ఇచ్చినా, లేచి మైకు దగ్గరకొచ్చే వ్యవధి కలుపుకొని ఒక్క రౌండుకే ఎనభై నిమిషాలు పోతుంది. మీ అమ్మాయికి రోజుకి మూడు నాలుగు సార్లకు మించి నోరు తెరిచే అవకాశం రాదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు పాతిక నుంచి ముప్పై అయిదు మంది ఉన్న కమిటీ మేలు. రెండు, బ్యాక్‌గ్రౌండ్ గైడ్, అంటే చర్చించే అంశం మీద నిర్వాహకులు రాసిన చిన్న పుస్తకం, కనీసం రెండు వారాల ముందు చేతికొస్తుందా? మూడు రోజుల ముందు వాట్సాప్‌లో పడేసేవాళ్లయితే మిగతా ఏర్పాట్లూ అలాగే ఉంటాయి. మూడు, పద్దెనిమిది దాటని పిల్లలకు బాధ్యులెవరు? ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఎంత బుద్ధిమంతులైనా సరే, ఒక టీచరో పెద్దవాళ్లో ఆ ఆవరణలో రోజంతా ఉండాలి. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు, సాయంత్రం వదిలే టైము కాగితం మీద రాయించుకోండి. ఇవ్వడానికి నసిగితే పంపకండి.

ప్ర: మా ఇంట్లో అందరూ వేటకెళ్లేవాళ్లే. మన్‌లో నాకు బంగ్లాదేశ్ వచ్చింది. అంశం, సముద్రంలో సరిహద్దు దాటి పట్టుబడుతున్న మత్స్యకారులు. మనవాళ్లని పట్టుకునే దేశం తరఫున నేనెలా మాట్లాడేది? ఎలా తయారవ్వాలి?
— ఇంటర్ విద్యార్థి, పెదజాలారిపేట

జ: ఇలాంటి దేశం రావడం మీ అదృష్టం. సొంత దేశం వస్తే ముందే తెలిసింది మళ్లీ చెప్తారు, కొత్తగా నేర్చుకునేది తక్కువ.

ముందు కొలతలు పట్టుకోండి. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే అక్కడి చేపల మీద, మిగతా వనరుల మీద హక్కు ఆ దేశానిదే. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, అంటే ఆ మండలి సుమారు 370 కిలోమీటర్లు. ఈ రెండు గీతల మధ్య తేడా తెలియకే కమిటీలో సగం గొడవ జరుగుతుంది. 12 మైళ్ల లోపల ఆ దేశం చట్టం పూర్తిగా నడుస్తుంది. ఆర్థిక మండలిలో మాత్రం 73వ అధికరణం అడ్డుపడుతుంది: తగిన పూచీకత్తు కడితే పడవనీ మనుషుల్నీ వెంటనే విడిచిపెట్టాలి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే చేపలవేట నేరానికి జైలుశిక్ష వేయకూడదు, పట్టుకున్న సంగతి పడవ ఏ దేశానిదో ఆ దేశానికి వెంటనే తెలియజేయాలి. భారతదేశం తరఫున కూర్చున్న డెలిగేట్‌ మిమ్మల్ని దీనితోనే కొడతారు. అందుకని మీ మొదటి ప్రశ్న సిద్ధంగా ఉండాలి: “మీరు చెప్పే పడవ ఏ గీత దగ్గర దొరికింది?”

తర్వాత బంగ్లాదేశ్ వైపు బలం చూడండి. భారత్, బంగ్లాదేశ్ మధ్య సముద్ర సరిహద్దు వివాదం 2014 జూలై 7న మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తీర్పుతో తేలింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి దక్కాయి. భారత్ ఆ తీర్పుని ఒప్పుకుంది. కాబట్టి “గీత ఎక్కడుందో తెలియదు” అనే వాదన చెల్లదని మీరు గట్టిగా చెప్పొచ్చు. గీత ప్రభుత్వాలకు తెలుసు, అర్ధరాత్రి వల లాగుతున్న కళాసీకి తెలియదు. ఆ రెండో ముక్క మీ ఇంట్లోవాళ్లు మీకు బాగా చెప్పగలరు, అడిగి రాసుకోండి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: వేట నిషేధం తేదీలు. మన తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. బంగ్లాదేశ్‌లో కొన్నేళ్లపాటు మే 20 నుంచి జూలై 23 దాకా 65 రోజులు ఉండేది. అంటే జూన్ మధ్యలో మనవాళ్లు వేటకి దిగేసరికి వాళ్లు ఒడ్డునే కూర్చుని, తమ చేప పక్కవాళ్ల వలలో పడుతోందని గోల పెట్టేవారు. 2025లో బంగ్లాదేశ్ తన తేదీల్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కి మార్చుకుంది. ఇంత చిన్న మార్పుతో ఎంత తగవు తగ్గుతుందో కమిటీకి చూపించండి. పట్టుబడేది ఒకవైపువాళ్లే కాదనీ గుర్తుపెట్టుకోండి. 2025 జనవరిలో రెండు దేశాలూ మత్స్యకారుల్ని మార్చుకున్నప్పుడు 95 మంది భారతీయులు ఇటొచ్చారు, 90 మంది బంగ్లాదేశీలు అటెళ్లారు.

చదవడానికి మొత్తం పది గంటలు పెట్టుకోండి. రెండు గంటలు ఒప్పందం పాఠానికి, మూడు గంటలు బంగ్లాదేశ్ ప్రతినిధులు ఐక్యరాజ్య సమితిలో చేసిన ప్రసంగాలకు, రెండు గంటలు మిగతా దేశాల వైఖరికి, మిగిలింది రాయడానికి. పొజిషన్ పేపర్ ఒక్క పేజీ చాలు: సమస్య మా దేశానికి ఎలా తగులుతోంది, ఇప్పటిదాకా ఏం చేశాం, ఈ కమిటీ నుంచి ఏం కావాలి. రెండొందల పేజీల ఫైలు మోసుకెళ్లేవాళ్లని చూసి బెదరకండి. అందులో కావాల్సిన పేజీ వెతికేలోగా చర్చ ఇంకో అంశం మీదకు వెళ్లిపోతుంది. పదిహేను పేజీలు, పక్కన రంగు చీటీలు అంటించుకుంటే చాలు. ఏఐతో ప్రసంగం రాయించుకుంటే మాత్రం అందులోని ప్రతి తీర్మానం నంబరునీ ఐక్యరాజ్య సమితి డిజిటల్ లైబ్రరీలో వెతికి చూసుకోండి. అది ఉచితమే. లేని తీర్మానాన్ని నంబరుతో సహా చదివేసి, సమావేశం నడిపే చైర్ అడిగినప్పుడు నీళ్లు నమిలేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు.

ప్ర: “అన్ని దేశాలూ మత్స్యకారుల సంక్షేమానికి తగిన చర్యలు తీసుకోవాలి” అని మా ముసాయిదా తీర్మానంలో రాస్తే, ‘క్లాజులో పస లేదు’ అని చైర్ తిప్పి పంపారు. ఇందులో తప్పేముంది?
— బీటెక్ విద్యార్థిని, సీతమ్మధార

జ: తప్పేమీ లేదు, అదే దాని తప్పు. దాన్ని కాదనే దేశం ప్రపంచంలో ఒక్కటీ ఉండదు. ఎవరూ కాదనని వాక్యం మీద బేరం ఉండదు, బేరం లేనిచోట దౌత్యానికి పని లేదు. క్లాజు, అంటే తీర్మానంలోని ఒక్కో అంశం, రాసేటప్పుడు ఎవరు, ఏం, ఎప్పటిలోగా, ఎవరి డబ్బుతో, జరిగిందో లేదో ఎవరు చూస్తారు అని వరసగా అడగండి. మీ వాక్యాన్నే ఇలా తిరగరాయొచ్చు:

“3. బంగాళాఖాతం తీర దేశాలు, సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణంలోని ‘వెంటనే’ అన్న మాటకు అనుగుణంగా, పొరుగుదేశపు చేపల పడవను ఆర్థిక మండలిలో అదుపులోకి తీసుకున్న 72 గంటల్లోగా, పడవ నంబరు, సిబ్బంది పేర్లు, పట్టుకున్న చోటి అక్షాంశ రేఖాంశాలను ఆ దేశ రాయబార కార్యాలయానికి పంపాలని సిఫార్సు చేస్తోంది;”

ఇప్పుడు చూడండి ఏమవుతుందో. 72 ఎందుకు, 24 చాలని ఒక దేశం లేస్తుంది. మా కోస్టుగార్డు పడవ ఒడ్డుకు రావడానికే రెండు రోజులు పడుతుందని ఇంకో దేశం అంటుంది. అక్షాంశ రేఖాంశాలిస్తే మా గస్తీ ఎక్కడ తిరుగుతోందో బయటపడుతుందని మూడో దేశానికి అనుమానం వస్తుంది. చివరికి ‘72 గంటలు’ మిగిలి, ‘అక్షాంశ రేఖాంశాలు’ పోయి, ‘సుమారుగా పట్టుకున్న చోటు’ అని రావచ్చు. అంత దూరం వస్తే మీ కమిటీ నిజంగా పనిచేసినట్టే.

క్రియాపదం దగ్గర కూడా జాగ్రత్త. సర్వసభ్య సభ కమిటీ సభ్యదేశాల్ని ‘ఆదేశిస్తోంది’ అని రాయకూడదు. అది సిఫార్సు చేయగలదు, కోరగలదు, పిలుపునివ్వగలదు. సభ్యదేశాలు కట్టుబడాల్సిన నిర్ణయాలు చేసే అధికారం భద్రతా మండలిది, ఐక్యరాజ్య సమితి చార్టర్ 25వ అధికరణం ప్రకారం. రూపం సంగతికొస్తే తీర్మానమంతా ఒకే పొడుగాటి వాక్యం. నేపథ్యం చెప్పే పీఠిక క్లాజుల చివర కామా, నంబర్లున్న కార్యాచరణ క్లాజుల చివర సెమికోలన్, ఆఖరి క్లాజు చివర మాత్రమే ఫుల్‌స్టాప్. పీఠిక మూడు నాలుగు క్లాజులు దాటితే అసలు పని తప్పించుకుంటున్నారని అర్థం.

స్పాన్సర్ అంటే తీర్మానం రాసి సమర్థించేవాళ్లు. సిగ్నేటరీ అంటే ఇది చర్చకు రావాలని మాత్రమే సంతకం పెట్టినవాళ్లు, ఓటు వేస్తామని మాట ఇచ్చినట్టు కాదు. ఇది తెలియక చాలామంది సంతకానికే భయపడతారు. ఇక రెండు గుంపులు రెండు ముసాయిదాలు తెచ్చి, ఆఖరి అరగంటలో కలిపేయమని చైర్ అంటే, రెండింటినీ ఒకదాని కింద ఒకటి అతికించేస్తారు. అప్పుడు నాలుగో క్లాజు 72 గంటలంటుంది, పదకొండోది వారమంటుంది. కలిపాక ఒక్కరు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. చెవికి తగిలినంత సులువుగా ఆ పొంతన లేనితనం కంటికి తగలదు.

ప్ర: మాది ప్రభుత్వ ఉన్నత పాఠశాల, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. నలభై మంది. ఫీజులు కట్టి నగరంలోకి వెళ్లలేరు. స్కూల్లోనే ఒక పూటలో ఇలాంటిది పెట్టొచ్చా? ఏం అంశం తీసుకోవాలి?
— సాంఘిక శాస్త్రం టీచరు, భీమిలి

జ: తప్పకుండా పెట్టొచ్చు, తెలుగులోనే పెట్టండి. ఐక్యరాజ్య సమితి అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. అక్కడ అనువాదకులు పనిచేస్తుండగా ఈ ఆరింటిలో ఎవరికి నచ్చిన భాషలో వాళ్లు మాట్లాడతారు. బేరమాడటం నేర్పాల్సిన చోట ఇంగ్లీషు పరీక్ష పెడితే, తెలివైన పిల్ల మూలన కూర్చుంటుంది.

భద్రతా మండలి వద్దు, దానికి చదవాల్సింది చాలా ఉంది. ‘ఉష్ణమండల తుపానుల ప్యానెల్’ తీసుకోండి. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆసియా పసిఫిక్ కమిషన్ కలిసి 1972లో ఏర్పాటు చేసిన నిజమైన వేదిక ఇది. సభ్యులు సరిగ్గా పదమూడు: భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంక, థాయ్‌లాండ్, మాల్దీవులు, పాకిస్తాన్, ఓమన్, ఇరాన్, ఖతార్, సౌదీ అరేబియా, యుఏఈ, యెమెన్. బంగాళాఖాతంలో, అరేబియా సముద్రంలో పుట్టే తుపానులకు పేర్లు ఇచ్చేది ఈ దేశాలే. 2014 అక్టోబరు 12న విశాఖని ఊడ్చేసిన హుద్‌హుద్‌కి ఆ పేరు ఓమన్ ఇచ్చింది. 2020లో విడుదలైన జాబితాలో దేశానికి పదమూడు చొప్పున 169 పేర్లున్నాయి. మీ పిల్లలు హుద్‌హుద్ గురించి ఇంట్లో వినే ఉంటారు. పడిపోయిన చెట్లు, రోజుల తరబడి రాని కరెంటు, ఆ కథలన్నీ అమ్మమ్మల దగ్గర ఉంటాయి.

నలభై మందిని ఇలా పంచండి. దేశానికి ఇద్దరు చొప్పున ఇరవై ఆరు మంది. చైర్, వైస్ చైర్, టైము చూసేవారు కలిపి ముగ్గురు. చీటీలు మోసేవాళ్లు ముగ్గురు. విలేకరులు నలుగురు, వీళ్లు మధ్యలో ఒక పేజీ గోడపత్రిక రాస్తారు. వాతావరణ నిపుణులు ఇద్దరు, మత్స్యకారుల ప్రతినిధులు ఇద్దరు. ఈ చివరి నలుగురికీ ఓటు లేదు, అడిగినప్పుడు మాట్లాడతారు. అంశం: సముద్రంలో ఉన్న పడవకి తుపాను హెచ్చరిక చేరేదెలా?

సామాన్లు: పదమూడు ప్లకార్డులు. ఏ4 కాగితాన్ని పొడుగ్గా మూడు మడతలు వేసి గుడారంలా నిలబెడితే చాలు, రెండువైపులా పేరు రాయించండి, లేకపోతే వెనకవాళ్లకు ఎవరు ఏ దేశమో తెలియదు. పాతిక కాగితాల్ని ఎనిమిదేసి ముక్కలు చేస్తే రెండొందల చీటీలొస్తాయి, ఒక పూటకి సరిపోతాయి. తీర్మానం రాయడానికి చార్టులు నాలుగు. గంట. టైముకి ఫోను. వంద చింతపిక్కలు.

చింతపిక్కలెందుకంటే, పిల్లల సమావేశాలు తరచుగా దెబ్బతినేది ఒకచోటే. పది నిమిషాల్లో “అందరం ఒకరికొకరు సాయం చేసుకుందాం” అని ఒప్పేసుకుని చప్పట్లు కొట్టేస్తారు. డబ్బు కనబడితే ఆ మంచితనం కరిగిపోతుంది, అసలు మాటలు మొదలవుతాయి. సౌదీ, యుఏఈ, ఖతార్, భారత్‌లకు పదిహేనేసి ఇవ్వండి. ఓమన్‌కి పది, థాయ్‌లాండ్‌కి ఎనిమిది, ఇరాన్‌కి ఆరు, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు నాలుగేసి, మయన్మార్‌కి రెండు, మాల్దీవులు, యెమెన్‌లకు ఒక్కొక్కటి. మొత్తం వంద. పడవలకు రేడియోలు పెట్టించడం 50 పిక్కలు, తుపాను షెల్టర్లు 60, ఊళ్లలో రిహార్సళ్లు 20 అనుకోండి. అన్నీ కావాలంటే 130, ఉన్నవి వందే. పిక్కలున్న ఖతార్‌కి తుపాను భయం తక్కువ, భయమున్న బంగ్లాదేశ్ దగ్గర నాలుగే. ఈ లెక్కలు ఆట కోసం పెట్టినవని, ఏ దేశపు అసలు బడ్జెట్టూ కాదని పిల్లలకు ముందే చెప్పండి.

ముందువారం మూడు పీరియడ్లు తీసుకోండి. ఒకదాంట్లో మ్యాపు, ఒకదాంట్లో జంటలు తమ దేశం గురించి నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయడం, ఒకదాంట్లో నియమాలు. నియమాలు నాలుగుకి మించొద్దు: ప్లకార్డు ఎత్తి, చైర్ పిలిస్తేనే మాట్లాడాలి, పక్కవాళ్లతో పనుంటే చీటీ, టైమయ్యాక గంట కొడితే ఆపాలి, సవరణ రాతలోనే ఇవ్వాలి.

శనివారం పొద్దున్న మూడు గంటలు: హాజరు పది నిమిషాలు. దేశానికి నిమిషంన్నర చొప్పున తొలి ప్రసంగాలు, లేచి కూర్చోవడాలతో కలిపి ముప్పై. ‘రేడియోలా, షెల్టర్లా’ అన్న ఒక్క ప్రశ్న మీద చర్చ ఇరవై. విరామం పదిహేను. తర్వాత లేచి తిరుగుతూ చార్టు మీద తీర్మానం రాయడానికి నలభై అయిదు, దీంట్లోంచి మాత్రం కోత పెట్టకండి. చర్చ, సవరణలు నలభై. నిర్ణయం పది. ఆఖరి పది నిమిషాలు పాత్రలు వదిలేసి ఎవరికి ఏం తోచిందో మాట్లాడుకోవడం. ముందు అందరి ఒప్పుదలకు ప్రయత్నించండి, కుదరకపోతేనే ఓటు. సర్వసభ్య సభలో కూడా తీర్మానాలు చాలావరకు ఓటింగ్ లేకుండానే ఆమోదం పొందుతాయి.

మొదటి అరగంట ఎవరూ పెదవి విప్పరు. కంగారుపడి మీరు మాట్లాడేయకండి. చీటీలతో మొదలుపెట్టించండి. నోరు తెరవని పిల్లలు చీటీల మీద గడుసుగా బేరాలాడతారు. ఇక ఒక్కటే పిక్క ఉన్న యెమెన్ జంట దిగాలుగా కూర్చుంటే, వాళ్ల ఓటు కూడా ఖతార్ ఓటుతో సమానమేనని చెవిలో వేయండి.

ప్ర: డిగ్రీ చదువుతున్న ఎనిమిది మందిమి. స్కూళ్లలో మన్ శిబిరాలు పెట్టే సంస్థ మొదలుపెట్టాలనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఎలా? అమెరికాలో ఉన్న అన్నయ్యలు డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా? ఫీజు ఎంత పెట్టాలి?
— విద్యార్థులు, మద్దిలపాలెం

జ: ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు ఉంటే సొసైటీ పెట్టుకోవచ్చు. సంతకాలు పెట్టేవాళ్లంతా పద్దెనిమిది నిండినవాళ్లై ఉండేలా చూసుకోండి. మెమోరాండం, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఆ తర్వాత సొసైటీ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా. డెలిగేట్ల ఫీజు ఒకరి సొంత ఫోన్‌పేకి వసూలు చేయడం మొదటి తప్పు. స్నేహాలు చెడేది అక్కడే.

పేరులో ‘యునైటెడ్ నేషన్స్’ గానీ, లోగోలో ఆలివ్ కొమ్మల మధ్య భూగోళం గానీ పెట్టొద్దు. ఆ చిహ్నం వాడకాన్ని సర్వసభ్య సభ 1946లోనే 92వ తీర్మానంతో కట్టడి చేసింది. మన దేశంలో 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం జాబితాలోనూ ఐక్యరాజ్య సమితి పేరు, చిహ్నం ఉన్నాయి. అలాంటి పేరున్న సంస్థని రిజిస్టర్ చేయకూడదని ఆ చట్టమే అంటోంది. బ్యానర్లు అచ్చయ్యాక తెలుసుకుంటే దండగ.

అన్నయ్యల డబ్బు సంగతి పాస్‌పోర్టుని బట్టి ఉంటుంది. భారత పౌరుడిగానే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి. కొత్త సంస్థ ఆ జోలికి పోకపోవడమే మంచిది.

ఫీజుకి లెక్క ఇది. ఎంతమంది వచ్చినా మారని ఖర్చు వేరు, మనిషిని బట్టి పెరిగే ఖర్చు వేరు రాయండి. హాలు, మైకు, బ్యానర్లు కలిపి 30,000, భోజనం, ఫైలు, ముద్రణ మనిషికి 250 అనుకుందాం. ఫీజు 500 అయితే ఒక్కొక్కరి నుంచి మిగిలేది 250. కాబట్టి 120 మంది వస్తేనే గట్టున పడతారు. పేర్లిచ్చినవాళ్లంతా రారు. డబ్బు కట్టినవాళ్లనే లెక్కేసుకోండి, దేశాలు కూడా కట్టినవాళ్లకే కేటాయించండి. లేకపోతే పొద్దున్న కమిటీలో అమెరికా, చైనా కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అయిదుగురు శాశ్వత సభ్యుల్లో ఇద్దరు లేని భద్రతా మండలితో ఏం చేస్తారు? ముఖ్యమైన దేశాలకు మీ సంస్థలోంచే ఇద్దరు ముగ్గుర్ని చదివించి పక్కన ఉంచుకోండి.

కుర్రాళ్ల సంస్థలు డబ్బుల్లేక మూతపడటం తక్కువ. మూడో ఏట అందరూ హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయి, ఈమెయిలు పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో తెలియక మూతపడతాయి. ఏటా కార్యవర్గంలో సగం మందే మారేలా నియమావళిలో రాసుకోండి. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి. ప్రతి శిబిరం అయ్యాక వారంలోగా ఖర్చుల పట్టిక, బ్యాక్‌గ్రౌండ్ గైడ్, స్కూలు హెడ్మాస్టరు నంబరు ఒకే ఫైల్లో పెట్టండి. పిల్లల ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టే ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. చైర్‌గా ఉన్న కుర్రాడు డెలిగేట్ పిల్లలకు రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టకూడదన్నది రాసి, అందరిచేతా సంతకం చేయించాల్సిన నియమం.

ప్ర: భద్రతా మండలిలో మా తీర్మానానికి 11 అనుకూలం, 2 వ్యతిరేకం, 2 తటస్థం. అయినా వీగిపోయిందన్నారు. వ్యతిరేకించినవాళ్లలో ఫ్రాన్స్ ఉంది.
— పదో తరగతి విద్యార్థి, గోపాలపట్నం

జ: చైర్ చెప్పింది సరైనదే. పదిహేను మందిలో తొమ్మిది అనుకూల ఓట్లు రావాలి, అయిదుగురు శాశ్వత సభ్యుల్లో ఒక్కరూ వ్యతిరేకించకూడదు. ఫ్రాన్స్ ఆ అయిదుగురిలో ఒకటి, అలాంటి సభ్యుడి వ్యతిరేక ఓటునే వీటో అంటారు. తటస్థంగా ఉంటే వీటో కాదు. 2021 ఆగస్టులో భారత్ అధ్యక్షతన అఫ్గానిస్తాన్ మీద వచ్చిన 2593వ తీర్మానానికి 13 ఓట్లు పడ్డాయి, రష్యా, చైనా తటస్థంగా ఉన్నాయి, ఆమోదం పొందింది. అయితే మీ ఫ్రాన్స్ డెలిగేట్ చదువు మాత్రం తక్కువే. ఫ్రాన్స్ 1989 తర్వాత వీటో వాడలేదు. ఇంకోటి, విరామానికి, చర్చ పద్ధతికి సంబంధించిన ఓటింగ్‌లో వీటో ఉండదు. అక్కడ కూడా వీటో అంటూ ప్లకార్డు ఎత్తితే చైర్‌కి గుర్తుచేయండి.

ప్ర: కోటు, టై తప్పనిసరా? అద్దెకు తెచ్చుకోమంటున్నారు.
— ఇద్దరు అక్కచెల్లెళ్లు, అనకాపల్లి

జ: అసలు ఐక్యరాజ్య సమితిలో ఎంతోమంది తమ దేశపు దుస్తుల్లోనే కూర్చుంటారు. శుభ్రమైన చుడీదారు, చీర, చొక్కా ప్యాంటు చాలు, నిర్వాహకులు కాదంటే రాతలో అడగండి. ఏ దేశం వస్తే ఆ దేశం వేషం వేసుకురావడం మాత్రం వద్దు, అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అయిపోతుంది. కొత్త చెప్పులు కూడా వద్దు. తీర్మానం రాసే గంటల్లో ఎవరూ కూర్చోరు.